డ్రిల్లు మాస్టారి ఈల

నా చిన్నప్పుడు, పదకొండేళ్ల వయసులో, ఒక మనిషి మూతి కాల్చాలని పథకం వేశాను. ఆకతాయితనంగా కాదు, పగబట్టి, రోజుల తరబడి ఆలోచించి మరీ వేశాను. ఆ మనిషి మా డ్రిల్లు మాస్టారు. ఆయన పోయి చాలా ఏళ్లయినా నా నోట ఆయన గురించి మంచి మాట రాదు. మీరేమనుకున్నా సరే.

మాది వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పల్లె. అమ్మ నా పసితనంలోనే పోయింది. నాన్న వేటకి సముద్రం మీదికి పోతే నాలుగేసి రోజులు ఇంటికి రాడు. నన్ను పెంచింది మా మేనత్త. ఆవిడ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్క తొక్కలోంచి కారే నల్ల నూనె ఒంటికి తగిలితే ఆ రోజు మంట, మర్నాటికి బొబ్బ. బూడిద రాసుకుని ఎంత జాగ్రత్తపడినా అత్త వేళ్లు ఎప్పుడూ నల్లగా, పగుళ్లతో ఉండేవి.

టెక్కలి దగ్గర ఒక ప్రైవేటు హాస్టలు బడి ఉండేది. పరుగు పందేలకి దానికి పెద్ద పేరు. గెలిచిన కప్పులు పెట్టడానికి ఒక గది మొత్తం కేటాయించారు. నేను ఇసుకలో పరిగెడుతుంటే చూసి, ఆ బడివాళ్లు ఫీజు లేకుండా సీటిచ్చారు. షరతు ఒక్కటే. ఏటేటా పందేల జట్టులో ఉండాలి. జట్టులో లేకపోతే సీటు లేదు, ఇంటికి పోవడమే. నేను ఇంటికి పోతే ఇక బడి మొహం చూడనని అత్తకి బాగా తెలుసు.

చేరిన నెలలోపే తప్పు చేశాను. తప్పంటే ఏం తప్పు! ఒక సాయంత్రం నేను మైదానం చుట్టొచ్చేసరికి డ్రిల్లు మాస్టారు చేతి గడియారం చూసి, "భేష్‌రా" అన్నాడు. ఊరొదిలి వచ్చాక నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. సంబరం పట్టలేక, "ఇంకో సుట్టు లగెత్తనేటి మావా?" అనేశాను.

మా పక్క పెద్దవాళ్లని, దగ్గరివాళ్లనుకున్నవాళ్లని మావ అనే పిలుస్తాం. బస్సు కండక్టరైనా మావే, పడవ సరంగైనా మావే. ఆ మాస్టారు కృష్ణానది అవతలి నుంచి వచ్చినవాడు. ఆయనకి అది బూతులా వినిపించింది. "నేన్నీకు మావనా? మీ అక్కని చేసుకున్నానా?" అని చెంప పగలగొట్టి, దసరా తర్వాత జరిగే జట్టు ఎంపికలోంచి నా పేరు తీసేశానన్నాడు. ఆ రోజు నుంచి బడి మొత్తానికి నా పేరు మావే. అన్నం వడ్డించేవాడు కూడా, "మావకి ఇంకో గరిటె" అనేవాడు.

తర్వాతి ఆదివారం అత్త నన్ను చూడ్డానికి వచ్చింది. సంగతి విని నేరుగా మైదానంలో ఉన్న ఆయన దగ్గరికి వెళ్లింది. "తప్పు కాయండి బాబూ. మా కాడ అలాగే పిలుత్తాం. సిన్న గుంటడు, తెలీక అన్నాడు" అని చేతులు జోడించింది. ఆయన ఆ చేతుల వంక చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ దాహమేసి పక్కనున్న మంచినీళ్ల కుండ మీది గ్లాసు తీసుకోబోతే, "అది ముట్టుకోకు, దోసిట్లో పోయిస్తాను" అన్నాడు. ఆవిడ వెనుదిరగ్గానే, "మా కాడ అలాగే పిలుత్తాం" అని గొంతు సాగదీసి పిల్లల్ని నవ్వించాడు. అత్తకి వినబడింది. ఆవిడ నడక ఆగలేదు గానీ మెడ వంగిపోయింది. నన్ను కొట్టినందుకైతే ఎప్పటికో మర్చిపోయేవాణ్ణేమో. ఆ మెడ వంగిపోవడం చూశాక మర్చిపోవడమన్న మాటే లేదు.

దసరా సెలవులకి ఇంటికొచ్చి పలాస వెళ్లాను. అత్త పనిచేసే చోట జీడినూనె చిన్న సీసాలో పట్టుకున్నాను. డ్రిల్లు మాస్టారికి ప్రాణం ఆయన ఈల. దాని మూతికి ఈ నూనె పూస్తే చాలు, పెదాలు వాచి, బొబ్బలెక్కి, వారం రోజులు అన్నం తినలేడు, ఎవర్నీ వెక్కిరించలేడు. అది తలచుకుంటే నాకు లోపల ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

నూనె పట్టేటప్పుడు నా బొటనవేలికీ తగిలింది. ఆ బొబ్బ చూసి అత్త ఇట్టే కనిపెట్టేసింది. "ఎవులికిరా అల్లుడా?" అనడిగింది. దాచకుండా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సీసా తీసుకుని లోపలికెళ్లి, కాసేపటికి మూతకి గుడ్డ బిగించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది బాగా ముదిరిన నూనె. పుల్లతో పుయ్యి. వాసన సూడకు, ముక్కు మండిపోద్ది" అంది. నా అత్త నా పక్షాన నిలబడిందని పొంగిపోయాను.

సెలవులయ్యాక వచ్చిన శనివారం ఆ ఏటి జట్టు ఎంపిక. అది అయ్యేదాకానే నా సీటు. పెద్ద మాస్టారు కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పొద్దున్నే ఆటల గదిలో మేకుకి తగిలించిన ఈలకి పుల్లతో పూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి గీత పక్కన నిలబడ్డాను.

డ్రిల్లు మాస్టారు ఈల తెచ్చాడు. మెడలో వేసుకోలేదు. మూడో తరగతి పిల్లాడొకణ్ణి పిలిచి, "నేను చెయ్యి ఎత్తగానే ఊదు" అని వాడి చేతికిచ్చి, గడియారం పట్టుకుని జెండా కర్ర దగ్గరికి వెళ్లిపోయాడు. ప్రతి పందేనికీ చేసేది అదే. గీత దగ్గర ఎవరో ఒక పిల్లాడు ఊదుతాడు, ఆయన అవతలి చివర నిలబడతాడు. రోజూ కళ్లారా చూసే సంగతే. నా కోపంలో ఆయన మూతి తప్ప ఇంకెవరి మూతీ నాకు గుర్తు రాలేదు.

వాడు ఈల నోటి దాకా తెచ్చాడు. నేను ఎగిరి లాక్కున్నాను. వాడు బేరుమన్నాడు. ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏంట్రా నీ గోల?" అన్నాడు. నిజం చెబితే ఆ పూటే పెట్టె సర్దుకోవాలి. "నాను ఊదుతాను సారూ" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఊదు మావా, ఊదు. పరుగెలాగూ లేదుగా!" అన్నాడు. ఆరుగురు పిల్లలు గీత మీద వంగి ఉన్నారు. అందరి కళ్లూ నా మీదే. చొక్కాకి తుడుద్దామన్నా వీల్లేదు. ఆయన చెయ్యి ఎత్తాడు. బొటనవేలి బొబ్బ ఇంకా మానలేదు, పెదవి ఎలా కాలుతుందో నాకు తెలుసు. కళ్లు మూసుకుని ఈల నోట్లో పెట్టుకుని ఊదాను.

తియ్యగా ఉంది. మాడబెట్టిన బెల్లం పాకం!

ఓలమ్మ అత్తా, ఎంత పని చేశావే అనుకున్నాను. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండింటినీ మింగేసి కోపమొచ్చింది. ఈల నేలకేసి కొట్టి, అప్పటికే ముప్ఫై గజాలు ముందున్న ఆ ఆరుగురి వెనక పడ్డాను. మూడు చుట్లు. రెండో చుట్టులో నలుగుర్ని దాటాను. మూడో చుట్టు సగానికి నా ముందు ఎవరూ లేరు. జెండా కర్ర దగ్గర ఆయన ఆగమని అరుస్తున్నా ఆగలేదు. పెద్ద మాస్టారు లేచి నిలబడి, ఈ పిల్లాడి పేరు జట్టులో ఎందుకు లేదని అడిగారు. డ్రిల్లు మాస్టారు జేబులోంచి కలం తీశాడు. అందరి ముందూ, తన చేత్తోనే, నా పేరు మొదటి వరసలో రాయాల్సి వచ్చింది. రాస్తున్నంతసేపూ మాడిపోయిన ఆయన మొహాన్ని కడుపునిండా చూశాను. అంత ఆనందం తర్వాత ఏ కప్పు గెలిచినా కలగలేదు.

ఆ నెల చివర్లో అత్త వచ్చినప్పుడు నిలదీశాను. నూనె పారబోసి ఊరుకోకుండా పాకం ఎందుకిచ్చావన్నాను. పారబోస్తే నువ్వు ఇంకో సీసా పట్టుకోవా అంది. తను వచ్చిన ఆదివారమే ఆ ఈల పిల్లల నోట్లో చూసిందట. నేను ఊరుకోలేక, "నీకు కోపం రాలేదేటి అత్తా? అంత మాటన్నాడు కదా" అన్నాను.

అత్త తన నల్లటి వేళ్ల వంక ఒకసారి చూసుకుంది. తర్వాత అంది: "ఎందుకు రాదురా? ఒచ్చింది. ఇంకా ఉంది. సచ్చేదాకా ఉంటాది. అది నా కోపం, నానే మోసుకుంటాను. దానికోసం నిన్ను పోగొట్టుకోమంటావేటి?"

అత్త ఆయన్ని క్షమించలేదు, నేనూ క్షమించలేదు. ఆ తర్వాత జీవితంలో నాకు ఇంకా చాలామంది మీద పగలు పుట్టాయి. అన్నదమ్ముల వరసవాళ్లతో పొలం గట్టు గొడవలు, పై అధికారులతో తగువులు. వాటిలో కొన్ని ఈ రోజుకీ చల్లారలేదు, చల్లార్చాలని నేను ప్రయత్నించనూ లేదు. కానీ ఎంత మండిపోతున్నా, ఇంట్లో పిల్లల్లో ఒక్కరికి కూడా "వాళ్లింటికి పోకు, వాళ్ల పిల్లలతో ఆడకు" అని ఇంతవరకు చెప్పలేదు.