కిరాయి సైకిల్ మీద సముద్రం దాకా

మా భూమి నా పేరు మీద ఉంది. సేద్యం మా ఆయన చేస్తాడు. పిలుపు మాత్రం పాసుపుస్తకంలో ఉన్న పేరుకే వస్తుంది. డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీ వాళ్లు మా జిల్లా రైతులను కొందరిని స్పెయిన్ తీసుకుపోయి, ప్లాస్టిక్ పందిళ్ల కింద టమాటాలు ఎట్లా పండిస్తారో చూపిస్తామన్నారు. బాన్సువాడ నుంచి నన్ను పిలిచారు, తోడుగా ఒకరు రావచ్చన్నారు. అట్లా, ముప్పై ఏళ్లుగా వరీ చెరుకూ పండిస్తున్న మనిషి నాకు తోడుగా వచ్చాడు. విమానంలో ఈ సంగతి రెండుసార్లు గుర్తుచేశాను. ఆయన మబ్బులు చూస్తూ కూర్చున్నాడు.

నాలుగు రోజులు టమాటాలే చూశాం. ఆ పందిళ్ల అవతల, బస్సు కిటికీలోంచి, సన్నని నీలిగీత ఒకటి కనిపించేది. అదే సముద్రమన్నారు. అంతకుముందు నేను చూసిన పెద్ద నీళ్లంటే నిజాంసాగరే.

అయిదో రోజు సెలవు. వెంట ఉన్న గైడు సముద్రపు ఒడ్డున గుట్టలున్నాయని చెప్పాడు. వాటిని సర్కారు కాపాడుతోందట, లోపలికి కార్లు పోవట, సైకిళ్లు కిరాయికి దొరుకుతాయట. చివర లైట్‌హౌస్ దగ్గర నిలబడితే మూడు దిక్కులా సముద్రమేనట. నాలుగింటికి బస్సన్న మాట తప్ప, ఆ తర్వాత అతను చెప్పింది నేను వినలేదు. అక్కడిదాకా పోవాలి, నాలుగింటికల్లా బస్సు దగ్గరికి రావాలి. మర్నాడు తిరుగు ప్రయాణం. నన్ను మళ్లీ ఎవరూ తీసుకురారు.

నేను నస్రుల్లాబాద్ నుంచి బాన్సువాడ హైస్కూలుకు సైకిల్ తొక్కి చదువుకున్నదాన్ని. పెళ్లయినప్పటి నుంచి బండి వెనక కూర్చుంటున్నాను. మా ఆయనకు సైకిల్ వదిలేసి చాలా ఏళ్లయింది. ఎక్కగానే యాక్సిలరేటర్ అనుకుని పిడి తిప్పాడు. గేరు మారి చైను ఊడింది.

దారి పొడుగునా రాళ్లు, ముళ్లు, ఎండ.

"ఈడ ఏం కాపాడుతుండ్రు?" అన్నాడు. "రాళ్లనా?"

"అవ్."

"మన పిట్లం దిక్కు లేవా రాళ్లు?"

నేను తొక్కుకుంటూ ముందుకుపోయాను. మొదటి ఎక్కుడులోనే వెనక నుంచి "ఆగవా!" అని గట్టిగా వినబడింది. ఆగాను. చూస్తే, నడిచి వస్తున్న ముసలి జంట ఒకటి ఆయన చేతిలో నీళ్ల సీసా పెట్టి తాగమంటున్నారు. కాదంటే బాగుండదని తాగాడు. తర్వాతి మలుపులో మళ్లీ "ఆగవా!" ఈసారి సైకిల్ మీద పోతున్న అమ్మాయి దిగి మరీ నీళ్లిచ్చింది. మూడోసారి ఎవరో కుటుంబం మొత్తం ఆగింది.

"గింత మంచోళ్లున్నరేంది ఈడ?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

సీసా తీసుకుని దాని మీది ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కున్నాను. ఏ, జీ, యూ, ఏ. ఆగువా. వాళ్ల భాషలో నీళ్లన్నమాట.

"నువ్వు నన్ను పిలుస్తలేవు, నీళ్లడుగుతున్నవ్," అన్నాను. "ఇగ ఊకో."

ఆయన అప్పటికే మూడు సీసాలు తాగి ఉన్నాడు. ఆ గుట్టల్లో మోకాలి ఎత్తుకు మించిన పొద ఒక్కటి లేదు. చాటు కోసం చాలాసేపు ఒక బండ వెతుక్కున్నాడు.

చివరి ఎక్కుడులో కంకర జారుతుంటే దిగి సైకిల్ నెట్టసాగాను. వెనక నుంచి పిలుపు లేదు. ఇంకొంచెం పోయాను. అయినా లేదు. నిలబడి వెనక్కి చూశాను.

అప్పుడు నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా, ఈయన నన్ను ఎక్కడికీ పోనివ్వడని బిచ్కుందలో మా అక్కకు చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు పిలవకపోయినా ఆగాను.

ఆయన కింద రాయి మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకాగినవ్?" అని అడిగాడు.

"నువ్వు పిలుస్తలేవు."

చెప్పు విప్పి కంకర దులుపుకున్నాడు. "నాతోని కాదు. మోకాళ్లు పోయినయ్. నువ్వు పో."

"బస్సు?"

"బస్సు ఫికర్ నీకెందుకు? పోయి సూడు."

పోయాను. నిజంగానే మూడు దిక్కులా నీళ్లే. నిజాంసాగర్‌కు అవతలి గట్టు ఉంటుంది, దీనికి లేదు. ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. గడియారం చూస్తే పావు తక్కువ నాలుగు. లేవాలనుకున్నాను, లేవలేదు. నాకు చాలనిపించేదాకా కూర్చున్నాను.

కిందికొచ్చేసరికి అయిదు కావస్తోంది. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. మా ఆయన ఒక కాలు నేల మీద, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి తలుపు పడకుండా నిలబడి ఉన్నాడు. డ్రైవరు స్పానిష్‌లో, మా జిల్లా రైతులు తెలుగులో ఆయన్ని తిడుతున్నారు. నా కోసం నలుగురిలో ఆయన మాట పడటం అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. నేను బస్సు వెనక వైపు నుంచి వస్తున్నాను, ఎవరూ చూడలేదు.

"ఇంకెంత సేపన్నా?" అన్నారు లోపల నుంచి ఎవరో.

"ఆమె సూసుడు అయినంక వస్తది," అన్నాడు.

నేను బెల్లు కొట్టలేదు. ఇంకా ఏమంటాడో విందామని, సైకిల్ దిగి మెల్లగా నడిచాను.