ఊరికి కనబడని తట్ట

దగ్గరికి జరిగి కూర్చోండి. చాయ్ చల్లారితే మళ్లీ పెట్టుకుందాం, ముందు ఈ ముచ్చట వినండి.

మంచిర్యాల కొత్తగా జిల్లా అయిన ఏడాది, అక్కడ ఒక గల్ఫ్ ఏజెంటు నడిపే టెస్టు సెంటరులో నేను టెస్టు మేస్త్రీగా చేరాను. నా చదువు నాలుగో తరగతి. కానీ మస్కట్‌లో, దుబాయిలో ఏళ్ల తరబడి గోడలు కట్టి వచ్చినవాణ్ణి. విదేశీ కంపెనీ మనుషులు కావాలని కబురు పెడితే, వచ్చినవాళ్లలో ఎవరికి పని వచ్చో ముందు నేను చూడాలి. ఆ తర్వాత కంపెనీ ప్రతినిధి దిగుతాడు. ఆయన ఎదుట ఒక్కొక్కరూ దారం కట్టి, నిలువు చూసే తూకం గుండు వేలాడదీసి, ఒక మూల గోడ కట్టి చూపాలి. పని కుదిరితే మేసన్, కుదరకపోతే హెల్పర్. మేసన్ గోడ కడతాడు, హెల్పర్ తట్ట మోస్తాడు. జీతంలో సగం తేడా. టెస్టు గోడలకు సిమెంటు వాడం, మట్టే. సాయంత్రం వాటిని విప్పి, అవే ఇటుకలు మర్నాడు మళ్లీ వాడేవాళ్లం.

ఏజెంటు ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చుని, ఊళ్లలో పనుల్లేవని, తానే పని చూపించి ఇళ్లు నిలబెడుతున్నానని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. పనుల్లేకపోవడమేమిటి? గల్ఫ్ పైసలతో ఏ ఊళ్లో చూసినా మిద్దెలు లేస్తున్నాయి. వాటిని కట్టేది బీహారు నుంచి వచ్చినవాళ్లు. మన గోడలు వాళ్లు కట్టాలి, షేకుల గోడలు మనం కట్టాలి! ఇంత తెలివి ఏ బడిలో నేర్పుతారో నాకు తెలియదు.

ఒకనాడు హుస్నాబాద్ దిక్కు నుంచి రాజిరెడ్డి అనే రైతు, భార్య సుశీలతో వచ్చాడు. వేసిన ప్రతి బోరూ ఎండింది. పత్తి ముంచింది. మేసన్ వీసా దొరికితేనే అప్పుల్లోంచి భూమి బయటపడుతుంది, లేకుంటే అమ్ముకోవాలి. తాపీ ఎన్నడూ పట్టలేదు.

సుశీల నాతో అంది: "జర మీరన్న చెప్పుండ్రి అన్నా. మా ఇంటి ముంగటనే బీహారోళ్లు మిద్దె కడుతుండ్రు. నాల్గు నెలలు గాళ్లెంబడి తట్ట మోసి పని నేర్సుకో, కూలి గూడ వస్తదంటే వినడు."

రాజిరెడ్డికి కోపం వచ్చింది. "పటేలా అని పిలిసేటోళ్ల ముంగట తట్ట మొయ్యాల్నా? ఇజ్జత్ ఉంటదా?"

"బ్యాంకోళ్లు ఇంటికొచ్చి లొల్లి చేసిన్నాడు యాడికి పోయింది నీ ఇజ్జత్?"

"నీకేం ఎర్కనే, ఊకో."

ఏజెంటు నవ్వి, పది రోజుల శిక్షణ పేరుతో రాజిరెడ్డిని నాకు అప్పగించాడు. రైతు చెయ్యి కదా, చురుకే. మూల గోడ నిలువుగా లేపడం పట్టుకున్నాడు. మా దగ్గర ఉన్నవి మట్టి ఇటుకలు. వాటిని నానబెట్టకపోతే అడుసులోని తడి పీల్చేస్తాయి. గల్ఫ్‌లో వాడేవి సిమెంటు బ్లాకులు, వాటిని తడపకూడదు. తడిపితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి గోడ పగులుతుంది. నాలుగు బ్లాకులు తెప్పించమని అడిగితే ఏజెంటుకు చెయ్యి రాలేదు. మాటతోనే చెప్పాను. రాజిరెడ్డి చెవులు విన్నాయి, చేతులు వినలేదు.

టెస్టు రోజున ప్రతినిధి తన బ్లాకులు తనే తెప్పించుకున్నాడు. రాజిరెడ్డి దండం పెట్టుకుని, బకెట్టెత్తి, ఎండిన మడికి నీళ్లు పెట్టినంత ప్రేమగా బ్లాకులన్నింటి మీదా కుమ్మరించాడు. ప్రతినిధి గుండు వేసి కూడా చూడలేదు. మేసన్ కాడు, హెల్పర్‌గా అయితే తీసుకుంటానన్నాడు.

నేను రాజిరెడ్డిని పక్కకు పిలిచి, ఆ జీతంతో అప్పు మాట అటుంచు, దాని మీద నెలనెలా పెరిగే మిత్తి కూడా తీరదని చెప్పాను. ఇంకో మూడు నెలలాగి పని నేర్చుకుంటే మళ్లీ నేనే టెస్టుకు నిలబెడతానన్నాను. అతను ఒప్పుకోలేదు. సంతకం పెట్టేశాడు.

"గాడ మోసేది తట్ట కాదా?" అని సుశీల అడిగింది.

"గాడ ఎవ్వలు సూత్తరే?" అన్నాడు రాజిరెడ్డి, పెళ్లికొడుకులా మొహం పెట్టి.

అతను ఎడారిలో తట్ట మోస్తుండగానే ఇక్కడ సుశీల సగం భూమి అమ్మింది. మిగిలిన సగం ఆమె బీడు పడనివ్వలేదు, ఊళ్లోవాళ్ల పొలాల్లో కైకిలి కూలికి పోయి నిలబెట్టుకుంది. ఊరంతా చూసింది. ఎవరి ఇజ్జతూ కారిపోలేదు.

తర్వాత మా ఇంటి మీద గది వేసిన బీహారు మేస్త్రీని అడిగాను, మీ ఊళ్లో ఇళ్లు కట్టరా అని. కడతారట. కానీ అతనికీ ఊళ్లో భూమి ఉందట, తెలిసినవాళ్ల ముందు తట్ట ఎలా మోస్తానన్నాడు.

నాకు తెలిసింది ఇంతే. ఎండిన బోరు, పడిపోయిన ధర, పెరిగిన మిత్తి మనిషిని గడప దాటిస్తాయి. ఎంత దూరం పోవాలన్నది మాత్రం పక్కింటివాడి కన్ను ఎంత దూరం చూస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. ఏజెంట్లు బతికేది ఆ కంటి మీదే.

మీ ఇల్లు పచ్చగుండాలి. మీ పిల్లలు పట్టపగలు, నలుగురూ చూస్తుండగా చెమటోడ్చి, ఆ కూలితో కడుపునిండా తినాలి.