ఒకటో కాలువలో తెల్ల పప్పు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం. పలాస జీడి ఫ్యాక్టరీలన్నీ పిక్కల సీజనులో తలమునకలుగా ఉన్నాయి. నాది టెక్కలిలో చిన్న వర్క్‌షాపు. ఫ్యాక్టరీల్లోని పాత కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఈ జిల్లాలో ఆ పని నాకంటే బాగా చేసేవాడు లేడని అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటాను. కాకపోతే ఇప్పుడు కొంచెం గొంతు తగ్గించి అంటాను.

లింగరాజు గారి ఫ్యాక్టరీలో పప్పును రంగు చూసి వేరుచేసే పాత మిషను ఒకటుంది. పప్పు ఎనిమిది సన్నటి కాలువల్లో జారుతుంది. కెమెరా ఫొటో తీస్తుంది. మచ్చ కనిపిస్తే మిషను గాలి కొట్టి ఆ పప్పును చెత్త డబ్బాలోకి నెడుతుంది. దాన్ని నడిపే కంప్యూటరు, అందులోని గ్రాఫిక్స్ కార్డుతో సహా కాలిపోయింది. ఆ కార్డు తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు. అందుకని ఎమ్యులేటర్ రాశాను. అంటే కొత్త కంప్యూటరు చేత పాతదాని వేషం వేయించే ప్రోగ్రాము. వర్క్‌షాపులో పాత ఫొటోలు పెట్టి పరీక్షిస్తే ఒక్క తప్పూ రాలేదు. తెచ్చి బిగించి, టీ తాగి వెళ్లిపోయాను.

నాలుగో రోజు లింగరాజు గారు ఫోన్ చేశారు. మంచి పప్పు కూడా చెత్త డబ్బాలో పడుతోందట. సెట్టింగులు ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. మిషను దగ్గర దమయంతి ఉంటుందన్నారు. అయితే ఆవిడే ఏదో నొక్కి ఉంటుందని గట్టిగా చెప్పాను. చూడకుండానే చెప్పాను.

దమయంతిది పక్కనున్న సుమ్మాదేవి అనే ఊరు. ఇరవై ఏళ్లు ఈ ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పప్పు తీసింది. జీడి రసానికి వేళ్ల మీది చర్మం ఊడిపోయి, కారం తగిలితే మంటతో అన్నం కలుపుకోలేకపోయేది. అందుకే అంతకు ఆర్నెల్ల ముందు బతిమాలుకుని మిషను పనికి మారింది. నా మాట పట్టుకుని లింగరాజు గారు ఆవిణ్ణి మళ్లీ పిక్కలు కొట్టే షెడ్డుకు పంపేశారు. మర్నాడు వెళ్లినప్పుడు ఆ సంగతి తెలిసినా నాకేమీ అనిపించలేదు. తప్పు చేసింది, అనుభవిస్తోంది అనుకున్నాను.

తీరా చూస్తే సెట్టింగు ఒక్కటీ మారలేదు. కెమెరా అద్దం తుడిచాను, తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాను. మధ్యాహ్నం దాటింది. ఇక దారిలేక ఆవిణ్ణి పిలిపించాను. జీడి రసం అంటకుండా చేతులకు రాసుకున్న బూడిదతోనే వచ్చింది. ఏం నొక్కారని అడిగాను.

"నానేటీ నొక్కలేదు బాబూ. తెల్ల పప్పు పోతన్నది ఒకటో కాలవలోంచే. అదీ ఎప్పుడూ కాదు, తెర కింద అంకె మారినప్పుడల్లా పోతంది. మొదటి రోజే సూసినాను. సెప్పబోతే ఎవులూ ఇనలేదు."

మిషను తెర అడుగున కనిపించే ఆ అంకె జారిన పప్పుల లెక్క. వందకోసారి మారుతుంది. వెంటనే నేను రాసిన ప్రోగ్రాము తెరిచి చూశాను.

కంప్యూటరు జ్ఞాపకంలో దేనికెంత చోటో రాసుకునే పట్టికను మెమరీ మ్యాప్ అంటాం. తెర మీది బొమ్మకొక చోటు, దాని పక్కనే కెమెరా ఫొటోకొక చోటు. నేను ఆ రెండోదాన్ని కొంచెం ముందుగా మొదలుపెట్టాను, ఒకే గట్టుకు ఇద్దరు రైతుల పేర పట్టా రాసినట్టు. దాంతో తెర అడుగున అంకె మారినప్పుడల్లా దాని నల్లటి గీతలు ఫొటో మొదట్లో ఉండే ఒకటో కాలువ మీద పడుతున్నాయి. మిషను వాటిని మచ్చలనుకుంటోంది. వర్క్‌షాపులో పప్పు జారలేదు కాబట్టి అంకె మారలేదు, తప్పు బయటపడలేదు.

దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. తప్పు నాదేనని ఆవిడతో మెల్లిగా అన్నాను.

"నాకు సెప్తే ఏటి లాభం బాబూ? నన్ను సెడ్డుకి పంపింది ఆయన. ఆయన ముందు సెప్పండి."

లింగరాజు గారి గదికి నడుస్తూ, సాఫ్ట్‌వేర్ సమస్య అనేస్తే పోతుంది కదా అనుకున్నాను. అలా అంటే ఎవరి పరువూ పోదు. కానీ ఆవిడ నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. చెప్పక తప్పలేదు. పట్టిక తప్పుగా రాసింది నేను, చూడకుండా ఆవిడ పేరు చెప్పింది నేను, తప్పు జాడ పట్టింది ఆవిడ అని చెప్పాను. లింగరాజు గారు వయసులో పెద్దవారు, అయినా నన్ను బావా అని పిలుస్తారు. "మరి ఫోన్లో అంత గట్టిగా సెప్పినావేటి బావా?" అన్నారు. సిగ్గేసింది. దమయంతిని ఆ పూటే మిషను దగ్గరికి వెళ్లమన్నారు.

ఇప్పుడు నేను ఫోన్లో ఎవరి పేరూ చెప్పను. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా మూత విప్పేముందు, మిషను దగ్గర పనిచేసే మనిషిని కూర్చోబెట్టి ఏం చూశారో అడుగుతాను. ఈ అలవాటు నాకు నేర్పింది దమయంతే. ఆ రోజు ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, మిషను ఆన్ చేసి, ఒకటో కాలువ పక్కన చెత్త డబ్బా నోటి దగ్గర అరచెయ్యి పట్టింది. తెర కింద అంకె మారింది. చేతిలో తెల్ల పప్పేమీ పడలేదు. మళ్లీ మారింది, పడలేదు. నేను బ్యాగు సర్దుకుని బయల్దేరేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.