ముత్తమ్మ వడ్డించిన బంతి

మిర్యాలగూడ చేపల మార్కెట్లో ముత్తమ్మతో బేరమాడి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆమె ఎదుట నిలబడేసరికి మాట తడబడి, ఇచ్చింది సంచిలో వేయించుకుని ఇంటికి పోవలసిందే. మామూలు రోజుల్లో మిర్యాలగూడ, సంతనాడు కోదాడ, ఆదివారం సూర్యాపేట. నెత్తిన గంప, నడుముకు బిగించిన కొంగు, దవడన వక్కాకు. ఆమె నోరు మంచిదని ఎవరూ అనరు. ఆ మాటకొస్తే ఆమె కూడా అనదు.

అలాంటి మనిషిని మొన్నామధ్య సూర్యాపేటలో ఒక మీటింగుకు పిలిచారు. మనుషుల్ని అమ్మటం, కట్టిపడేసి చాకిరీ చేయించటం ఇంకా లోకమంతా సాగుతోందనీ, దాన్ని ఎలా పట్టుకోవాలనీ ఉద్యోగులకు నేర్పే మీటింగు. దేశదేశాల సంగతులు తెర మీద చూపించారు. ముత్తమ్మ ముందు వరసలో కూర్చుని కన్నార్పకుండా చూసింది. ఆమె వంతు వచ్చేసరికి మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని, "చేపలు పట్టేటోని పొయ్యి మీద పులుసు లేదంటె, ఆడ ఏదో ఉన్నట్టే సారూ" అని చెప్పి వచ్చి కూర్చుంది. అంతే ఉపన్యాసం! దాని వెనక ఉన్న కథ మాత్రం అంత చిన్నది కాదు.

ముత్తమ్మది వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక చిన్న రేవు. ఏరు దాటితే అవతల వేరే రాష్ట్రం. మొగుడు పిచ్చయ్య పుట్టి పడవ వేసుకుని వలకు పోతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడేస్తుందని రేవులో నవ్వుకుంటారు. కోడళ్లను కసిరినా, మార్కెట్లో తూకం దగ్గర తగాదా పడినా, ఆకలితో వచ్చినవాడిని మాత్రం ఆమె గడప దగ్గర నిలబెట్టి ఎరగదు.

పోయినేడు చలికాలంలో ఊరికి ఎగువన లంక మీద డేరాలు వెలిశాయి. కోదాడ నుంచి దామోదర్ అనే కాంట్రాక్టరు వచ్చి అక్కడ చేపల పని పెట్టించాడు. పనివాళ్లంతా ఎక్కడో అడవి పల్లెల వాళ్లు, పెళ్లాం పిల్లలతో సహా వచ్చారు. దామోదర్ మాటల్లో తేనె ఒలికించే రకం. గంగమ్మ గుడికి సున్నం వేయించాడు, కులపెద్ద కాటయ్యకు శాలువా కప్పాడు, రేవు ఆడవాళ్లకు చేప చవగ్గా ఇచ్చాడు. ముత్తమ్మ కూడా పొద్దున్నే పుట్టిలో లంకకు పోయి గంప నింపుకొచ్చేది. నిజం చెప్పాలంటే మొదట్లో ఆమెకూ అతను మంచివాడిలాగే కనబడ్డాడు.

కాని కొన్నాళ్లకు ఒక సంగతి ఆమెకు మింగుడుపడటం మానేసింది. రేవులో ఎంత పేదవాడైనా, పట్టిన దాంట్లోంచి ఇంటి కూరకు నాలుగు చేపలు పక్కన వేసుకున్నాకే మిగతాది అమ్ముతాడు. అది అడిగేదీ కాదు, ఇచ్చేదీ కాదు. పట్టిన చేతి హక్కు. లంక మీద అది లేదు. తెల్లవారుజాము నుంచి నీళ్లలో నానే మనుషులు, ఒక్క పిల్ల చేపనైనా ముట్టరు. పొయ్యిల మీద గంజి తప్ప ఇంకేం ఉడకదు. ముత్తమ్మ ఉండబట్టలేక, ఒక పిల్లాడి చేతిలో చిన్న జెల్ల చేప పెట్టింది. వాడి తండ్రి లక్ష్మయ్య పరుగున వచ్చి దాన్ని లాక్కుని తిరిగి కుప్పలో వేశాడు. వేసి, కాపలావాళ్ల వంక చూశాడు. ఆ చూపు ముత్తమ్మ కంట పడింది.

ఆ తర్వాత ఒకరోజు లక్ష్మయ్య భార్య లత, గంపలోకి చేపలు పోస్తూ తల ఎత్తకుండా మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈ ఏరు పేరేంది?"

నెలల తరబడి ఆ నీళ్లలోనే బతుకుతున్న మనిషికి ఆ నీటి పేరు తెలియదు. ఏ లారీలో తెచ్చారో, ఏ ఊళ్లు దాటారో తెలియదు. వచ్చేటప్పుడు చేతిలో పెట్టిన అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదన్నారట. అది ఎప్పటికి తీరుతుందో చెప్పరట. ఫోన్లు గుంజుకున్నారట. ముత్తమ్మ కృష్ణ అని చెప్పింది. గంప ఎత్తుకుని పుట్టిలో కూర్చున్నాక, మొగుడి ముందు వెక్కివెక్కి ఏడ్చింది. పిచ్చయ్య తెడ్డు వేయటం ఆపి, బిత్తరపోయి చూశాడు. పెళ్లయ్యాక ఆమె ఏడవటం అతను చూసింది బహు తక్కువ.

ఆ మధ్యాహ్నమే ఆమె మిర్యాలగూడలో రెవెన్యూ అధికారి ప్రత్యూష మేడం దగ్గరికి పోయింది. మేడం వెంటనే వచ్చింది కూడా. కాని జీపు దుమ్ము లేవగానే లంక మీద అందరూ సర్దుకున్నారు. దామోదర్ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మేడం అడిగితే, ఒకరి తర్వాత ఒకరు బాగానే ఉన్నామన్నారు. ఇష్టపడే వచ్చామన్నారు. రాసుకోవటానికి ఆమెకు ఏమీ మిగల్లేదు. మర్నాడు ముత్తమ్మ లంకకు పోయేసరికి లత చెంప వాచి ఉంది. లక్ష్మయ్య కుంటుతున్నాడు. అదీ ఆమె చేసిన ఫిర్యాదుకు దక్కిన ఫలితం!

ముత్తమ్మ ఒళ్లు మండిపోయింది. ఆఫీసుకు పోయి, నలుగురూ చూస్తుండగానే మేడంను దులిపేసింది. ప్రత్యూష అంతా విని, తప్పు తనదేనంది. వాడి ముందు అడగటం పొరపాటంది. పోలీసులతో వస్తే, తాము ఒడ్డుకు చేరేలోపే పనివాళ్లను అవతలి ఒడ్డుకు దాటించేస్తాడనీ, ఆపైన వాళ్లు ఎక్కడ తేలతారో ఎవరికీ తెలియదనీ చెప్పింది.

"వాళ్లను ఒక్క పూట ఇవతలి ఒడ్డుకు తీసుకురాగలవా ముత్తమ్మా? వాడి చేతికి అందకుండా కూర్చోబెట్టగలవా? మిగిలింది నేను చూసుకుంటా."

ఈ లోపల వేసవి ముదిరింది, ఏట్లో నీళ్లు తగ్గాయి. గంగమ్మ పండుగ వెళ్లగానే డేరాలు ఎత్తేసి, మందినంతా ఏదో దూరపు డ్యాముకు తరలిస్తున్నారని కాపలావాళ్ల మాటల్లో ముత్తమ్మ చెవిన పడింది. అంటే ఉన్నదల్లా ఆ పండుగే. అది దాటితే లతా లేదు, లక్ష్మయ్యా లేడు, ఆ పిల్లలూ లేరు.

ఆ రేవులో గంగమ్మ పండుగకు ఒక కట్టుబాటు ఉంది. ఆ రోజు ఎవరూ ఏట్లో వల వేయరు, ఎవరి ఇంట్లోనూ పొయ్యి రాజేయరు. ఏట్లో చెయ్యి తడిపిన ప్రతి మనిషీ, సొంతవాడైనా పరాయివాడైనా, ఒడ్డున ఒకే బంతిలో కూర్చుని తినాలి. ముత్తమ్మ ముఖాన నవ్వు పులుముకుని దామోదర్ దగ్గరికి పోయింది. అతను తన వాళ్లను పంపటం కుదరదనీ, అన్నం బకెట్లలో పోసిస్తే లంకకు తెప్పించుకుంటాననీ అన్నాడు.

"గంగమ్మ బువ్వ ఒడ్డు దాటొద్దు సారూ. మీ మంది రాకుంటె మా పోరగాళ్లు మనసుల పెట్టుకుంటరు. రేపు మీ వలలు కోసిండ్రంటె నన్ను అడగొద్దు మరి."

వలల మాట వినేసరికి దామోదర్ మెత్తబడ్డాడు. పైగా తరలిపోయే ముందు ఊరి దగ్గర మంచి పేరు, అదీ ఊరి తిండితోనే! కాపలావాళ్లను తోడిచ్చి అందరినీ పంపుతానన్నాడు. తానూ వస్తానన్నాడు. ముత్తమ్మ ఈ సంగతి మొగుడికి, మేడంకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. కాటయ్యకు అసలే చెప్పలేదు. శాలువా కప్పించుకున్న మనిషి ఎటు మొగ్గుతాడో ఏం తెలుసు?

పండుగ నాడు చింతతోపులో బంతి సాగింది. మోదుగాకు విస్తళ్లు, వేడి అన్నం, గంగమ్మకు కోసిన యాటపోతు కూర, పప్పుచారు. లంక వాళ్లు బెదురుతూ వచ్చి కూర్చున్నారు. పిల్లలు కూర వాసనకు కళ్లు ఇంతింత చేశారు. ముత్తమ్మ వాళ్ల వరసను ఇంకెవరికీ వదలకుండా తానే వడ్డనకు దిగింది. మేడం జీపు ఈపాటికే రావాలి. రాలేదు. పిచ్చయ్య రోడ్డు దాకా పోయి, వచ్చేపోయేవాళ్లను అడిగి వచ్చి, వడ్లు దింపుకోవటానికి మిల్లులకు పోయే లారీలు మిర్యాలగూడ దారి పొడుగునా నిలిచిపోయాయనీ, జీపు వాటి మధ్య ఇరుక్కుందనీ భార్య చెవిలో చెప్పాడు. ముత్తమ్మ ఒకసారి రోడ్డు వంక చూసింది. అయినా గరిటె దించలేదు.

అంతలో దామోదర్ ఫోను మోగింది. విన్నవాడి ముఖం మాడిపోయింది. ఆ లారీల మధ్య అతని మనిషి కూడా ఒకడు ఉన్నాడు, పోలీసులున్న జీపును వాడు చూశాడు. దామోదర్ కాపలావాళ్లకు సైగ చేశాడు. తిన్నది చాలనీ, అర్జంటు పని పడిందనీ, అందరూ లేచి పడవ ఎక్కాలనీ వాళ్లు వరస వెంట అరుచుకుంటూ వచ్చారు. అలవాటైన భయంతో లక్ష్మయ్య సగం లేచాడు. ముత్తమ్మ అతని విస్తరిలో గరిటెడు అన్నం గుమ్మరించింది.

"కూసో కొడుకా. ఇస్తరి ముంగటున్న మనిషిని లేపే హక్కు ఎవనికీ లేదు. నువ్వు నీ ఇష్టంతోని లేస్తెనే లేసినట్టు."

కాపలావాడు వచ్చి లక్ష్మయ్య భుజం పట్టుకున్నాడు. బంతి అంతా చేతిలో ముద్ద చేతిలోనే ఆపేసింది. అప్పుడు లేచాడు కాటయ్య. ముసలాయన గొంతు వణకలేదు.

"సారూ, వాని చెయ్యి తియ్యమను. తినేటోన్ని లేపిన పాపం ఈ రేవుకు అంటనియ్య. మీ పని ఎంత పెద్దదైనా, బంతి అయినంకనే."

దామోదర్ ఏదో నచ్చజెప్పబోయాడు. ఎవరు వింటారు? రేవు మగవాళ్లు ఎంగిలి చేతులతోనే చుట్టూ నిలబడిపోయారు. ఒక్కడూ కొట్టలేదు, తిట్టలేదు. నిలబడ్డారంతే. కాపలావాడు చెయ్యి తీశాడు. శాలువా పప్పులు ఇక్కడ ఉడకలేదు.

ఇక మొదలైంది ముత్తమ్మ వడ్డన! బంతి అయ్యేదాకా అని కాటయ్య అన్నాడు కదా, అది అవ్వకుండా చూడటం తన పని అనుకుంది. అన్నం మీద అన్నం, చారు మీద చారు. వద్దన్న చేతిని పక్కకు నెట్టి మరీ పోసింది. లతకు సంగతి అర్థమైంది. ముద్దలు చిన్నవి చేసింది, చివరికి మెతుకు మెతుకూ ఏరుకుని నమలసాగింది. ఆమెను చూసి మిగతావాళ్లూ అదే పని. గుండిగ అడుగు గీకిన చప్పుడు వినగానే రేవు ఆడవాళ్లు గబగబా ఇళ్లకు పోయి, ఆ రోజు పొయ్యి రాజేయరాదు గనుక అటుకులూ పెరుగూ బెల్లమూ పట్టుకొచ్చారు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది ఏం జరుగుతోందో. ముత్తమ్మ కాపలావాళ్లనూ వదల్లేదు, కూర్చోబెట్టి విస్తరి వేసింది. యాటకూర చూసి ఒకడు కూర్చున్నాడు కూడా. దామోదర్ మాత్రం ఒడ్డు వంకా రోడ్డు వంకా చూస్తూ చెమటలు కక్కాడు.

పిల్లలు కడుపు పట్టుకుని, ఇక పట్టదు మొర్రో అని మొత్తుకుంటుండగా జీపు వచ్చింది. దామోదర్ చెట్ల వెనక నుంచి జారుకోబోతే పోలీసులు దొరకబుచ్చుకున్నారు. ప్రత్యూష చెప్పులు విప్పి వచ్చి, లత ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు పక్కన దామోదర్ లేడని చెప్పింది. లంకకు పోతారా, ఇంటికి పోతారా అని మాత్రం అడిగింది. లత తల ఎత్తింది. ముత్తమ్మ వైపు చూసింది, పిల్లాడి వైపు చూసింది.

"ఇంటికి పోతం" అంది.

ఆ మాట వరస పొడుగునా పాకింది. లక్ష్మయ్య అన్నాడు, అతని పక్కవాడు అన్నాడు, ఆ పక్కామె అంది. గంజి నుంచి దెబ్బల దాకా అంతా బయటికొచ్చింది. ప్రత్యూష ఓపిగ్గా ఒక్కొక్కరి మాటా రాసుకుంది. ఆ అడ్వాన్సు చట్టం ముందు చెల్లదనీ, ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరనీ, విడుదల పత్రాలిచ్చి తానే ఇళ్లకు పంపుతాననీ గట్టిగా అందరికీ వినబడేలా చెప్పింది. దామోదర్ జీపు ఎక్కుతుంటే రేవు పిల్లలు ఈలలు వేశారు. కాటయ్య వాళ్లను కసరలేదు సరికదా, తానూ నవ్వాడు. ముత్తమ్మ గరిటె పట్టుకునే నిలబడి ఉంది. ఆమెకు సంతోషం ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

లత చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోను ఒకసారి ఇవ్వమని ముత్తమ్మను అడిగింది. తల్లి ఊళ్లో పక్కింటివాళ్ల నంబరు ఆమెకు నోటికి వచ్చట. ఎంతోసేపటికి గాని తల్లి ఫోనులోకి రాలేదు. వచ్చి, కూతురి గొంతని నమ్మటానికి మరికొంతసేపు పట్టింది. బతికే ఉన్నావా అని ఏడ్చింది. ఎక్కడున్నావంటే, కృష్ణ ఒడ్డున అని లత చెప్పింది. ఆ తర్వాత తల్లి అడిగిన మాట ఫోనులోంచి చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినబడింది.

"ఇప్పుడు ఎవరి కింద ఉన్నవే?"

"ఎవరి కింద లేనే అమ్మా. వస్తున్న."