ఆమె కోరలేదు

జర్నలిజం పిల్లలకు వార్త రాయడం నేర్పుతాను. వాళ్ల కాగితాల్లో 'కోరారు' అనే మాట కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నీ సరిగ్గానే రాస్తారు. చివర ఆ ఒక్క మాటతో మొత్తాన్నీ అబద్ధం చేస్తారు. మన జిల్లా పేజీల్లో జనం తిట్టరు, ఏడవరు, నిలదీయరు. అందరూ కోరతారు.

ఆ పాపంలో నాకూ వాటా ఉంది. కర్నూల్లో నేను విలేకరిగా చేరిన కొత్తలో, కల్లూరు వైపు ఒక కాలనీకి పది రోజులుగా నీళ్లు రాలేదు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు పెట్టి కూర్చున్నారు. సర్దిచెప్పడానికి వచ్చిన అధికారిని ఒకామె పట్టుకుంది.

"నీ చొక్కా మాత్రం తెల్లగా ఉండాది సార్. మా పిల్లోల్లకు తాగేకి నీళ్లు యాడుండాయి?"

ఆయన తల దించుకున్నాడు. అదీ వార్త. ఆ మాటలు నోట్‌బుక్‌లో ఉన్నవున్నట్టు రాసుకున్నాను.

ఆఫీసుకొచ్చి మాత్రం, "తాగునీటి సమస్యను పరిష్కరించాలని మహిళలు అధికారులను కోరారు" అని రాసిచ్చాను. అలా రాయమని నాకెవరూ చెప్పలేదు. వార్తంటే అలాగే ఉండాలనుకున్నాను. పైగా భాష మర్యాదగా ఉందని డెస్కులో మెచ్చుకున్నారు.

మర్నాడు నీళ్లొచ్చాయేమో కనుక్కుందామని వెళ్తే, ఆమె పేపరు పట్టుకుని ఎదురొచ్చింది. కూతురు చదివి వినిపించిందట.

"ఏమప్పా, నేను యాడ కోరితిని? అంతమంది ముందర వాన్ని తిడితి గదా. తిట్టినానని రాసేకి నీకేం రోగం?"