గొరిల్లా దర్శనం

ఉగాండా అడవిలో గొరిల్లాలను చూడబోయే ముందు, పనిమీద విశాఖ వచ్చాను. కొత్త బూట్లు కాళ్లకు అలవాటవుతాయని వాటితోనే సింహాచలం మెట్లెక్కబోయాను. మెట్టుమెట్టుకీ పసుపు రాస్తున్న ఒక పెద్దావిడ ఆపేసింది.

"బూట్లిప్పు బాబూ. మెట్టు కూడా దేవుడే."

విప్పి చేత పట్టుకుని, గొరిల్లాల సంగతి చెప్పాను.

"మరి ఆటికి పళ్లట్టుకెల్తన్నావా?"

"ఏమీ పెట్టకూడదమ్మా. ముట్టుకోకూడదు. జలుబున్నా రానివ్వరు."

"అబ్బో, సానా మడే! దర్శనం ఎంతసేపేటి?"

"గంట."

ఆవిడ చెయ్యి పసుపు గిన్నెలోనే ఆగిపోయింది. "గంటే! ఏ గుళ్లోనైనా మమ్మల్ని కళ్లు మూసి తెరిసేలోపు లాగేత్తారు."

తీరా అడవిలో ఆ గంటా రెప్పపాటులో అయిపోయింది. గైడు కదలమన్నాడు. అచ్చం గుళ్లోలాగే, మెడ వెనక్కి తిప్పి చూస్తూ కదిలాను.