పళ్ళకు తీగ, ఊరికో ధర

ఆ రోజుల్లో మా వైపు పళ్ళు రెండే రకాలు: ఉన్న పళ్ళు, ఊడిన పళ్ళు. ఎత్తుపళ్ళు అనే మూడో రకం ఒకటుందనీ, దానికి వైద్యం కూడా ఉందనీ ఎవరికీ పట్టింపు లేదు. నాకు మాత్రం ఉంది, ఎందుకంటే ఆ మూడో రకం మొత్తాన్ని మా ఊరి తరఫున నేనొక్కడినే మోసేవాణ్ణి. (నేను గడప దాటకముందే నా పళ్ళు వాకిట్లోకి చేరుకుంటాయని మా అక్క అనేది.) పెదవులు ఎంత లాగినా ఒకదాన్నొకటి తాకేవి కావు. బళ్ళో నా పేరు ఉడుత. పదో తరగతి పాసై, కరీంనగర్‌లో కాలేజీలో చేరబోతున్న ఆ ఎండాకాలం నాకున్న కోరిక ఒక్కటే. తోటివాళ్ళు డాక్టర్లు కావాలనీ ఇంజనీర్లు కావాలనీ అనుకుంటుంటే, నేను కొత్త పిల్లల ముందు మూతి మూసుకుని నిలబడాలనుకున్నాను.

కరీంనగర్‌లో నౌకరీ చేసే మా బావ, అక్కడ ఒక పళ్ళ డాక్టరు తీగ కట్టి పళ్ళను వెనక్కి గుంజుతున్నాడని కబురు తెచ్చాడు. అవ్వ (అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్ళం) భయపడింది. తినే పండ్లకు తీగెలేంది, కంచె కట్టనీకి అది కందిచేనా అని అడిగింది. బాపు మాత్రం నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మెట్‌పల్లి పక్కన మా ఊళ్ళో ఆయనది వ్యవసాయం, తీరిక దొరికితే పశువుల బేరం. పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పగలడు కాబట్టి, డాక్టరు నా నోట్లోకి చూస్తుంటే ఆయన కూడా రెండో వైపు నుంచి వంగి చూసి, తనకూ ఒక అభిప్రాయం ఉన్నట్టు తలూపాడు. డాక్టరు ధర చెప్పాడు. బాపు దాన్ని అక్కడికక్కడే తన లెక్కలోకి మార్చుకుని, "పాలిచ్చే బర్రె," అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అయింది.

మొదటి అంగట్లో చూసిన పశువును మొదటి అంగట్లోనే కొనేవాడు బేరగాడు కాడని బాపు సిద్ధాంతం. అదే ఎద్దు ఒక ఊళ్ళో ఒక ధర, గోదారి దాటితే ఇంకో ధర అయినప్పుడు, అదే తీగ అంతటా ఒకే ధర ఎందుకుంటుందన్నాడు. అలా నా పళ్ళు ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాయి. ధర్మపురిలో నరసింహస్వామికి దండం పెట్టుకుని మంచిర్యాల పోయాం. అక్కడి డాక్టరు చెప్పిన ధర బర్రెతో పాటు దాని కింది దుడ్డెకు సమానం. బొగ్గుబాయి జీతాలున్న ఊళ్ళో అన్నీ పిరమే అని బాపు తేల్చేశాడు. హైదరాబాద్ ధర బావ ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. అది ఎడ్ల జత, బండితో సహా. "గంతకైతే కొత్త తలకాయనే అస్తది," అన్నాడు బాపు. ఎండాకాలం సగమైపోయింది. నా పళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, కదిలిందంతా మేమిద్దరమే.

చివరికి అంగట్లో పరిచయమైన ఒక మరాఠీ దళారి, ఆదిలాబాద్‌లో ఒక డాక్టరు చవగ్గా కడతాడని చెప్పాడు. ఆర్మూరు, నిర్మల్ మీదుగా బస్సులు మారి పోయేసరికి గది నిండా జనం. ఇక్కడ మా అంగడి పద్ధతి ఒకటి చెప్పాలి. పశువుల బేరంలో ధర పైకి అనరు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని, వేళ్ళతోనే అడిగి వేళ్ళతోనే తగ్గిస్తారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకూడదు, అదే మర్యాద. ఇంతమందిలో డాక్టరుగారిని ధర అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని, బాపు భుజం మీది తువ్వాల తీసి ఆయన చేతి మీద కప్పి, కింద నుంచి తన చెయ్యి అందించాడు.

డాక్టరు ఒక క్షణం చూశాడు. తర్వాత తువ్వాల కిందే బాపు మణికట్టు పట్టుకుని, రెండో చేతి గడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు. బాపు ముఖంలో అంత అయోమయం నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళ బేరాల్లో ఎవరూ వేళ్ళు వదిలేసి మణికట్టు పట్టుకోలేదు. నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"మణికట్టంటే ఎంతరా?"

"నాకేం తెల్సు బాపూ. మస్తు పిరమున్నట్టున్నది."

డాక్టరు చెయ్యి వదిలి, "నాడి మంచిగనే కొట్టుకుంటుంది. ఫికర్ చెయ్యకు కాకా," అన్నాడు. ఇక బాపుకు పైకి అడగక తప్పలేదు. డాక్టరు చెప్పింది పడ్డ ధరే, అంటే ఇంకా ఈనని పడుచు బర్రె ధర. బాపు ముఖం వెలిగిపోయింది. అదే ఊపులో డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు: పిల్లవాణ్ణి నెలకోసారి తీసుకురావాలి, తీగ బిగించాలి, రెండేళ్ళు పడుతుంది. ఈ మాట ఇంతకుముందు ఏ ఊళ్ళోనూ మేము వినలేదు. (ధర వినగానే లేచి వచ్చేవాళ్ళం, ఎలా వింటాం?) తిరుగు బస్సులో బాపు వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. నిర్మల్ దాటాక నెలనెలా బస్సు కిరాయిలన్నీ కూడుకుని, "పడ్డ బర్రెయ్యేతట్టున్నది," అన్నాడు. ఆర్మూరు వచ్చేసరికి, "ఈనేతట్టు సుత ఉన్నది," అన్నాడు.

ఈ తిరుగుళ్ళలో కాలేజీ తెరిచే రోజు రానే వచ్చింది. నేను మూయని మూతితోనే క్లాసులోకి అడుగుపెట్టాను. అక్క ఇల్లు కరీంనగర్‌లోనే, నేనుండేదీ అక్కడే కాబట్టి బస్సు కిరాయి గొడవ లేదని, బాపు మొదటి డాక్టరు దగ్గరికే వచ్చి, మొదట చెప్పిన ధరకే, తువ్వాల ముట్టుకోకుండా ఒప్పుకున్నాడు. ఆ ఏడు కొనాల్సిన బర్రెను కొనలేదు. మా ఇంట్లో చాయ్ రెండేళ్ళు కొంచెం నల్లగా ఉండేది. తీగ పడ్డాక నా పరేషాన్ తగ్గకపోగా పెరిగింది. అంతవరకు పళ్ళే కనిపించేవి, ఇప్పుడు మెరుస్తూ కనిపిస్తున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం, తల వంచుకుని నవ్వడం, జోకు వేసి ముఖం పక్కకు తిప్పుకోవడం అప్పుడే నేర్చుకున్నాను.

తీగ తీసిన వారానికే కాలేజీ గ్రూపు ఫోటో. ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు, అందరూ నవ్వారు. నేను ఊరికి పట్టుకుపోయిన ఆ ఫోటోను బాపు వాకిట్లో వెలుతురుకు పెట్టి, నా ముఖం దగ్గర చాలాసేపు ఆగాడు.

"పండ్లేవిరా?"

"లోపటున్నయి బాపూ."

"మూసుకునుడు పైసల్లేకుంట ఊకెనే అయితుండె గదరా."

"ఊకె మూతపడకపోయేది బాపూ, అప్పుడు."

బాపు ఆలోచించి, గదీ నిజమే అన్నట్టు తలూపి, ఫోటో అవ్వకిచ్చాడు. అవ్వ మాత్రం ఎంత ముద్దుగ మూసుకున్నడో సూడుమని వాడకట్టంతా తిప్పింది.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందరూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు. (వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి తీగ నిజంగా అవసరం.) చివరి వరుసలో ఒక్కడు మాత్రం ఏదో పెద్ద బాధ్యత అప్పగించినట్టు పెదవులు బిగించి నిలబడి ఉంటాడు. చూసినవాళ్ళు ఆ రోజు ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. లేదండీ, ఆ వరుసలో అందరికంటే సంతోషంగా ఉన్నది వాడే. ఆ మాట చెప్పాలంటే నోరు తెరవాలి, అందుకే చెప్పలేదు.